ఎడమ స్తంభం

ఎడమ స్తంభానికి ఎనిమిది దండలా తొమ్మిదా, కుడివైపు తొమ్మిదే, అది ఫోన్లోని ఫొటోలో కనిపిస్తూనే ఉంది, ఎడమవైపే లేదు, లేకపోవడమేమిటి, తనే కత్తిరించి పారేసింది, కస్టమర్లకు చూపించేందుకు మండపం చాలు, అందులో నిలబడ్డ ఇద్దరూ ఎందుకని, ఇప్పుడేమో కరీంనగర్‌లోని ఈ ఫంక్షన్ హాల్లో పొద్దున్నే నిచ్చెన మీద నిలబడి, పారేసిన ఆ సగం కోసమే తిప్పలు పడుతోంది రమ, ఇన్ని మండపాలు కట్టినా పెళ్లికూతురి తల్లి సరళాదేవి ఆల్బం మొత్తం తిరగేసి సరిగ్గా దాని మీదే వేలు పెట్టింది, మా స్నిగ్ధకు గిదే గావాలె, ఒక్క పువ్వు గూడ అటీటు గావద్దు అంది, అది రమ పెళ్లి మండపమని ఆమెకేం తెలుసు, తెలిస్తే ఆల్బం మూసి వెళ్లిపోయేది, సోమవారం కోర్టులో సంతకాలు పెట్టి విడిపోబోయేవాళ్ల మండపం ఎవరిక్కావాలి, ఇద్దరికీ ఇష్టమేనని కాగితంలో రాశారు, ఇష్టమట.

ఆరేళ్ల కింద ఇలాంటి కార్తీకంలోనే, సిరిసిల్లలో, డెకరేషన్ వాళ్లు చెప్పిన రేటు విని మరమగ్గాల సాంచాలు నడిపే బాపు తల పట్టుకున్నాడు, నువ్వు ఫికర్ జెయ్యకు బాపూ నేనే కడ్త అంది రమ, దసరా దాటినా చేన్లలో గునుగు పువ్వు ఇంకా ఉంది, అవ్వ, పిన్ని కూతుళ్లు, పక్కింటివాళ్లు, అందరూ కోసుకొచ్చి కట్టలు కట్టారు, గులాబీ రంగులో ముంచారు, మధ్యమధ్య బంతి పెట్టి సాంచా మీది తెల్లనూలుతో దండలు గుచ్చారు, ఎంత నవ్వారో, ఇంటినిండా చేతులే, ఆ ఫొటోలు చూసి పిన్ని కూతురు తన పెళ్లికి అడిగింది, తర్వాత పెద్దపల్లిలో ఎవరో, తర్వాత ఎవరెవరో, చివరికి పేరు రాసిన బోర్డు, పువ్వులకో వ్యాను, ఒకప్పుడు బతుకమ్మకు తప్ప ఎవరూ ముట్టని గునుగును ఇప్పుడు ఉన్నోళ్లు వెరైటీ అంటున్నారు, అంతా బాగుంది, ఇన్ని పెళ్లిళ్లు చేసి ఒక్క పెళ్లిలోనూ విస్తరి ముందు కూర్చోలేదు, బ్యాండు మొదలయ్యేసరికి వెనక తలుపు నుంచి వెళ్లిపోతుంది, ఇంటికెళ్లి ఒక్క కంచం కడుక్కుంటుంది, తిన్నావా అని అడిగే మనిషి లేడు.

ఉన్నప్పుడు మాత్రం అడిగాడా, పెనిమిటి సాయిచంద్‌ది మందమర్రి బొగ్గుబాయి మీద డ్యూటీ, వారానికోసారి వచ్చేవాడు, వచ్చిన రోజు ఆమెకు ఎక్కడో మండపం ఉండేది, అలా అలా ఒకరోజు అన్నాడు, నా దిక్కు ఎన్నడన్న జూసినవా రమా, లగ్గంల తెర దించినప్పుడు గూడ నన్ను జూడలే, దండను జూసినవ్, నిజమే, జీలకర్ర బెల్లం పెట్టి అడ్డుతెర దించగానే ఎడమ స్తంభం మీద ఒక దండ ఊడి వేలాడుతూ కనిపించింది, ప్రాణమంతా అటే పోయింది, తర్వాత అయ్యగారు చెప్పినట్టు తలవంచి ఏవో పూజలు చేసి లేచేసరికి దండ మళ్లీ పైన ఉంది, బాపు కట్టాడనుకుంది, అయినా ఊరుకుందా, నువ్వు నా పువ్వు దిక్కు ఒక్కనాడన్న జూసినవా అని ఎదురడిగింది, అతను బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు, మూడేళ్లయింది, అత్త దేవవ్వది అప్పుడూ ఇప్పుడూ అదే పాట, లగ్గం నాడు మధ్యాహ్నానికే పిలగాని చేతి కంకణం మాయమైంది, కంకణం నిలువని లగ్గం గిట్లనే అయితదని, కోడలి అడుగు మంచిది కాదని, ఎక్కడ పోయిందిరా అంటే ఊడిపోయిందే అవ్వా అనేవాడు, అంతకుమించి తన తరఫున ఒక్క మాట లేదు, అదే మింగుడుపడదు ఆమెకు.

పాత మెయిల్లో దొరికింది అసలు ఫొటో, తలంబ్రాలప్పటిది, అతని మొహం మీద వేలు పెట్టి పక్కకు జరిపింది, ఎడమ స్తంభాన్ని పెద్దది చేసింది, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, తొమ్మిదే, ఇక మూసేయొచ్చు, కానీ తొమ్మిదో దండ ముడి తెల్లగా లేదు, పచ్చగా ఉంది, తాము వాడింది తెల్లనూలే కదా, ఇంకా పెద్దది చేసింది, ముడి కింద పసుపుకొమ్ము వేలాడుతోంది, గబగబా ఫొటోను ఇవతలికి జరిపింది, తలంబ్రాలు పోయడానికి ఎత్తిన అతని కుడిచెయ్యి, మణికట్టు బోసిగా ఉంది, కంకణం లేదు, ఓరి మనిషీ, తన చూపు ఎటు పోయిందో చూసి, చేతికి దారం దొరక్క, చేతికున్నదే విప్పి కట్టాడు, మరి చెప్పొచ్చు కదా, వాళ్లవ్వ అన్నన్ని మాటలంటుంటే నోరు విప్పొచ్చు కదా, కొడుకే తన చేత్తో విప్పాడంటే ఇంకా రభస అవుతుందని ఊరుకున్నాడా, పువ్వు దిక్కు చూశావా అని తను అడిగిన రోజైనా చెప్పొచ్చు కదా, కోపంతో ఏడుపొచ్చింది, నిచ్చెన మెట్టు పట్టుకుని ఏడ్చింది.

మేడం, గా ఎడమ దిక్కు దండ జర జారింది, కట్టాల్నా అని స్టేజీ పక్కనుంచి అడుగుతున్నాడు తన దగ్గర పనిచేసే ముసలి హనుమండ్లు, ముహూర్తం వచ్చేసింది, హాలంతా నిండింది, రమ ఈసారి వెనక తలుపు దాకా పోలేదు, ఉండనీ కాకా అంది, అడ్డుతెర దిగింది, జారిన దండ అక్కడే ఉంది, ఆమె స్నిగ్ధనే చూసింది, ఆ పిల్ల కళ్లెత్తి వరుణ్ని చూసింది, అతను ఎప్పట్నుంచో ఆమెనే చూస్తున్నాడు, అంటే అప్పుడు కూడా అంతే, తను దండను చూస్తున్నంతసేపూ ఎదురుగా ఒక మనిషి తననే చూస్తూ నిలబడ్డాడు, తెర దిగి ఆరేళ్లయింది, తనింకా అటు చూడనేలేదు, సోమవారం కోర్టుకు వస్తాడు, ఎప్పట్లాగే తలవంచుకుని ఓ మూల కూర్చుంటాడు, ముందు అతని మొహం చూడాలి, సంతకం మాట ఆ తర్వాత.