జాబితాలో పేరు

దిల్‌సుఖ్‌నగర్‌లోని ప్రైవేటు బడిలో హెడ్‌మాస్టరు జోగారావు ఒక కాగితాన్ని, సిరా డబ్బీని కౌసల్యమ్మ ముందుకు జరిపాడు.

"మీ మనవరాలు మొన్నటి పరీక్షలో తప్పిందమ్మా. పదోతరగతి పరీక్ష మా బడి తరఫున కాకుండా ప్రైవేటుగా రాస్తుందని వేలిముద్ర వెయ్యండి. మాకు నూటికి నూరు శాతం ఉత్తీర్ణత రావాలి కదా."

భర్త పోయాకే అక్షరాలు నేర్చుకున్న కౌసల్యమ్మ కాగితాన్ని కూడబలుక్కుంటూ చదివింది.

"'నా ఇష్టపూర్వకంగా' అని రాసిన్రేంది సారూ? నేనెప్పుడు ఇష్టపడ్డ?"

"అందరిచేతా అలాగే రాయించుకుంటామండీ."

"తెలంగాణ సమ్మెల నెల దినాలు బడి బంద్ వెట్టిన్రు. చెప్పని పాఠాల మీద పరీక్ష పెడితె పిల్ల ఎట్ల పాసైతది? మార్చికి ఇంక నాలుగు నెలలున్నయి. మీరు చెప్పుండ్రి, అది చదువుతది."

"కుదరదమ్మా."

కౌసల్యమ్మ సిరా డబ్బీకి మూత పెట్టింది. బల్లమీది పెన్ను తీసుకుని, కాగితం అడుగున వంకరటింకరగా 'నాకు ఇష్టం లేదు' అని రాసి సంతకం చేసింది.

"మా శిరీష పేరు మీ బడి తరఫున పరీక్ష రాసెటోళ్ల జాబితాల ఎక్కిందాంక ఈ కుర్చీలకెళ్లి లేవ."

బయట మిగతా పిల్లల తల్లిదండ్రులు వరుసలో నిలబడి తొంగిచూస్తున్నారు. జోగారావు నిట్టూర్చి, జాబితా తెరిచి పేరు రాశాడు.

"ఇంక వెళ్లండమ్మా."

"జర ఇటు తిప్పుండ్రి సారూ," అంది కౌసల్యమ్మ. "చదువుకొని పోత."