బాలింత కాపు రాయి

మంత్రసాని సెపియా నిప్పుల్లోంచి రాయిని పట్టకారుతో తీసి తొగరాకుల్లో చుట్టింది. ఆకులు చుయ్‌మన్నాయి. పైన పాతగుడ్డ కట్టి, ఆ మూటను ముందు తన మణికట్టుకు ఆనించుకుంది. అక్కడి చర్మం ఎప్పుడో నల్లబడింది. "బిస్మిల్లా" అని బాలింత జైతూన్ పొత్తికడుపు మీద ఒత్తింది.

"కాలుతోంది తోక్!"

"కాలనీ. కనేటప్పుడు ఇంతకన్నా గట్టిగా అరిచావులే."

జైతూన్ నవ్వింది. పక్కన పసిది నిద్రపోతోంది.

ఊళ్లో ఎవరు కన్నా తోక్ సెపియా, అంటే సెపియా అవ్వ, రావాల్సిందే. రాతికాపు, నడికట్టు, మిరియాల చేపపులుసు, తేనెలో నల్లజీలకర్ర, ఖర్జూరాలు. పథ్యం రోజులు పూర్తయ్యేదాకా పనికి లేవనివ్వదు. తన తొలికాన్పయిన వారానికే సెపియా వరినాట్లకు వంగింది. భూస్వామి నారు ముదిరిపోతోందట! ఆడదాని గర్భసంచి జారితే వాడికేం? జారింది. మళ్లీ కడుపు పండలేదు. అప్పట్నుంచీ ఊరి బిడ్డలంతా ఆమె చేతుల మీదే పెరిగారు. మళ్లీ కనలేదన్న లోటు ఎప్పుడు తీరిపోయిందో ఆమెకే గుర్తులేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడు. చేప అప్పడాల షెడ్డు యజమానురాలు కమరియా.

"జైతూన్, రేపట్నుంచి వచ్చెయ్. అక్కడ చేపలు కుళ్లుతున్నాయి. రాకపోతే ఇంకొకళ్లని పెట్టుకుంటా."

జైతూన్ లేవబోయింది. సెపియా భుజం పట్టి ఆపింది.

"పడుకో. కమరియా, ఇలా వచ్చి ఈ మూట పట్టుకో."

"నాకెందుకు తోక్?"

"పట్టుకోవే! నీ ప్రతి కాన్పుకీ నీ పొట్ట మీద తిరిగింది ఇదే. నువ్వు పచ్చి బాలింతవి, మీ అత్త చేపలు కొయ్యమంటే ఆవిడ చేతిలో కత్తి లాక్కున్నదెవరు?"

కమరియా వేడి మూటను ఆ చేతికీ ఈ చేతికీ మార్చుకుంది. చూపు పసిదాని మీద పడింది.

"ముసలిదానా, రాయైనా చల్లారుతుంది గానీ నీ నోరు చల్లారదు. సరే జైతూన్, పథ్యం అయ్యాకే రా. నీ చోటు నీదే."

"మాట తప్పావో, నేనొచ్చి నీ షెడ్డులో కూర్చుంటా," అంది సెపియా. ముగ్గురూ నవ్వారు.

రోజూ బుట్టలో వేసుకుపోయే రాయిని ఆ రోజు పొయ్యి బూడిదలోనే కప్పింది. "మొయ్యలేనే. పొద్దున్నే వస్తాగా," అంది.

ఇంటికెళ్లి వేడన్నం కడుపునిండా తింది. సాయంత్రం నమాజులో నుదురు చాప మీద ఆనించింది. మళ్లీ లేవలేదు.

ఖననం మర్నాడు పొద్దున్నే కమరియా జైతూన్ ఇంటి మెట్లెక్కింది, చేతిలో తొగరాకులతో. "నువ్వు లేవకు," అని నిప్పు ఆరని పొయ్యి ముందు కూలబడి బూడిద తోడింది. అడుగున రాయి ఉంది, ముసలమ్మ వాడివాడి ఒకవైపు నున్నబడిపోయి, ఇంకా గోరువెచ్చగా.