ఆరు గజాల మఫ్లరు

“ఎలాగూ ఖాళీగానే ఉంటావు కదా వదినా,” అంది ఆడపడుచు ఫోన్లో.

ఆ మాట విన్నప్పుడు వదిన ఎంత ఖాళీగా ఉందంటే, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కుడిచేత్తో పొయ్యి గట్టు తుడుస్తూ, ఎడంచేత్తో అత్తగారి మాత్రల డబ్బా మూత తీస్తూ, మొగుడి చొక్కా ఇస్త్రీ అయిందో లేదో కళ్ళతో వెతుక్కుంటూ, ఆఫీసు బస్సుకి ఇంకా పదకొండు నిమిషాలే ఉందని గోడ గడియారంలో చూసుకుంటోంది. ఇంతకన్నా ఖాళీ మనిషి ఎక్కడ దొరుకుతుంది మరి. ఆడపడుచు కూతురికి నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డకి టోపీ, మేజోళ్ళు, స్వెట్టరు, కప్పడానికో చిన్న దుప్పటి, అన్నీ ఒకే రంగులో సెట్టుగా కావాలి. “బజార్లో దొరుకుతాయనుకో. కానీ చేత్తో అల్లినవంటే ఆ అందమే వేరు. మా వియ్యపురాలు చూసి నోరెళ్ళబెట్టాలి. నీకు చిటికెలో పని,” అంది.

ఈ ఇంట్లో ఆమె చేసే పనులన్నీ చిటికెలో పనులే. ఇరవై ఆరేళ్ళుగా చిటికెలు వేస్తూనే ఉంది.

పెళ్ళయిన కొత్తలో ఆమె అల్లడం చూసి అత్తవారింట్లో అందరూ మురిసిపోయారు. ఆ మురిపెం మరిదికి మెరూన్ స్వెట్టరయింది, తోడికోడలి పిల్లలకి టోపీలయింది, మొగుడి ఆఫీసరు భార్యకి శాలువా అయింది, చివరికి ఎవరింట్లో ఏ శుభకార్యం వచ్చినా “మనింట్లో అల్లే మనిషి ఉందిగా” అనే దగ్గర తేలింది. ఆమె పనిచేసే ఆఫీసులో మేనేజరు కూడా మనవరాలి కొలతలు కాగితం మీద రాసిచ్చి, “భోజనం టైములో అల్లుకోండి, నేనేం అనుకోను,” అని పెద్ద మనసు చేసుకున్నాడు. కిందటేడు ఆడపడుచు ఇంటికి వెళ్తే, తను మూణ్ణెల్లు కూర్చుని అల్లిన శాలువా ఇన్వర్టరు మీద కప్పి ఉంది. “దుమ్ము పడకుండా భలే పనికొస్తోంది వదినా,” అని ఆడపడుచు మెచ్చుకుంది కూడా. మెచ్చుకున్నప్పుడు నవ్వాలి కాబట్టి నవ్వింది. ఇంటికొచ్చాక స్నానాలగదిలో కుళాయి విప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చింది.

ఇన్ని అల్లగా మిగిలిన ఊలు మాత్రం ఆమెది. ఆ మిగులంతా అక్కకి.

అక్కకీ ఆమెకీ మధ్య రెండు రైళ్ళు, ఒక కొండ బస్సు ఎక్కేంత దూరం. చలి ఊళ్ళో, మేడ మీద వాటాలో అక్క ఒక్కతే ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. “పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, ఆవిడకేం, హాయి,” అంటాడు ఈమె మొగుడు, ఆ హాయిలో తప్పేదో ఉన్నట్టు. అక్కాచెల్లెళ్ళు ఆఖరిసారి కలుసుకున్నది ఆరేళ్ళ కిందట, అమ్మ పోయినప్పుడు. నాలుగు రోజులు కలిసి ఉన్నారు. తిరుగు ప్రయాణంలో స్టేషన్లో బెంచీ మీద కూర్చుని అక్క నలభై కుట్లతో మఫ్లరు మొదలుపెట్టింది. జానెడు అయ్యేసరికి అక్క ఎక్కాల్సిన రైలొచ్చింది. కదులుతున్న రైలు కిటికీలోంచి సూదులతో సహా దాన్ని చెల్లెలి చేతిలో కుక్కి, “నువ్వో జానెడు అల్లి పంపవే,” అంది.

ఆమె అల్లి పంపింది. అక్క ఇంకో జానెడు అల్లి పంపింది. అంతే, మూణ్ణెల్లకోసారి ఆ మఫ్లరు అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఎవరి మెడకో మొదట్లో అనుకోనేలేదు, తర్వాత అనుకోవడానికి భయమేసింది. ఇప్పుడది ఆరు గజాలు. చుట్టుకుంటే చీరకి సరిపోతుంది. పోస్టాఫీసు కౌంటర్లో కూర్చునే ఆవిడ సంచి తూకం వేస్తూ ప్రతిసారీ, “ఇంకా అవలేదా అండీ ఇది?” అంటుంది. “అయిపోతే ఇంకేం పంపను?” అంటుంది ఈమె. ఇద్దరూ నవ్వుకుంటారు.

ఇద్దరికీ అల్లిక నేర్పింది అమ్మే. వరస మొదట్లో తొలి కుట్టుని అల్లకుండా ఊరికే ఈ సూది నుంచి ఆ సూదికి దాటించాలని నేర్పింది. అలా చేస్తే అంచు జడపాయలా నున్నగా వస్తుంది. అది తప్ప మిగతా అంతా ఎవరి చెయ్యి వాళ్ళది. ఈమె చెయ్యి బిగువు, ఊలు లాగి లాగి అల్లుతుంది. అందుకే అక్క ఆమెని చిన్నప్పట్నుంచీ ‘పిసినారి’ అని పిలుస్తుంది. అక్క చెయ్యి వదులు, పైగా నోరూరుకోదు. ఫోన్లో మాట్లాడుతూనో, రేడియోకి ఎదురు చెబుతూనో అల్లుతుంది. లెక్కల టీచరై ఉండీ కుట్లు లెక్కపెట్టడం రాదు. అక్క అల్లిన ప్రతి జానెడులోనూ ఒక కుట్టు జారిపోయో, లేనిపోని కుట్టొకటి పుట్టుకొచ్చో ఉంటుంది. ఒకరి తప్పు ఇంకొకరు విప్పకూడదని ఇద్దరూ ఎప్పుడో ఒప్పందం చేసుకున్నారు. కూరలో ఉప్పు నుంచి హాస్టల్లో చదివే తన కూతురి మార్కుల దాకా ప్రతిదీ తప్పుపట్టే ఇంట్లో ఉంటున్న మనిషికి, ఆ ఒప్పందం ఎంత హాయిగా ఉండేదో చెప్పలేం. అత్తగారు ఆసుపత్రిలో ఉన్న నెలలో ఈమె అల్లిన జానెడు అట్టముక్కలా బిర్రబిగుసుకుపోయింది. అది అందిన రోజునే అక్క ఫోను చేసింది. “ఏమైందే పిసినారీ, ఊలుకి ఊపిరాడట్లేదు,” అంది. ఆ నెలంతా ఎలా ఉన్నావని ఆమెని అడిగిన మనిషి అక్క ఒక్కతే.

వెళ్దామనుకుంటూనే ఉంది. ఒకసారి ఆడపడుచు ఆపరేషను, ఒకసారి కూతురి పరీక్షలు, ఒకసారి వంటింటి రిపేరు. ఇంకోసారి ఏ అడ్డమూ లేదు. “ఇప్పుడెందుకు?” అన్నాడు మొగుడు. ఆ మాటే అడ్డమైంది. అలా నాలుగుసార్లు, తీసిన సంచి మళ్ళీ అటకెక్కింది.

ఆడపడుచు ఫోను చేసిన వారానికి, ఓ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి పార్సిలు గుమ్మం పక్కన ఉంది. చెప్పులు విప్పకుండానే తెరిచింది. అక్క ఇంటి వాసన, కర్పూరమో నాఫ్తలీనో, గుప్పున కొట్టింది. కొత్త జానెడు లేత పసుపు రంగు. వేళ్ళతో తడుముతూ అక్క తప్పు కోసం వెతికింది, పిల్లలు మిఠాయి పొట్లం విప్పినంత ఆత్రంగా. వరసలు లెక్కపెట్టింది. కుట్లు లెక్కపెట్టింది. నలభై. పై వరస నలభై, కింది వరస నలభై. ఒక్క తప్పు లేదు.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అంచు చూసింది. జడపాయ లేదు. చిన్న చిన్న బుడిపెలున్నాయి. తొలి కుట్టు ఎవరో ప్రతి వరసలోనూ శ్రద్ధగా అల్లేశారు.

“టీ సంగతేమైంది?” అని హాల్లోంచి కేక వినపడింది. టీ పెట్టింది. చక్కెర రెండుసార్లు వేసింది.

నాలుగు నెలలుగా అక్క ఫోన్లో ముఖం చూపించట్లేదని అప్పుడు గుర్తొచ్చింది. కెమెరా పాడైందంటే నమ్మింది. నమ్మడం సులువు, నమ్మకపోతే వెళ్ళి చూడాలి కదా. తన మీద తనకే అసహ్యమేసింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనం టైములో ఆఫీసు మేడ మీదికి వెళ్ళి, నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి ఫోను చేసింది.

“అక్కా, ఆ పసుపుది ఎవరల్లారు?”

“ఎవరేంటే, నేనే.”

“అబద్ధాలాడకు. ఒక్క తప్పు కూడా లేదు.”

అటువైపు అక్క నవ్వింది. “మరీ అంత నీటుగా అల్లొద్దమ్మా, మా చెల్లెలు పట్టేస్తుంది అని చెప్పానే ఆ నర్సమ్మకి. వింటేగా,” అంది. కింది వాటాలో ఉండే నర్సుట. నాలుగు నెలల కిందట ఒక పొద్దున పళ్ళు తోముకుంటుంటే బ్రష్షు చేతిలోంచి జారిపోయిందట. తల్లో ఏదో చిన్న నరం మూసుకుపోయిందన్నారు. మాటకీ నడకకీ ఏం కాలేదు, కుడిచేతిలో పట్టు పోయింది. ఇప్పటికీ గ్లాసు నిలవదు. సూది సంగతి సరేసరి. వ్యాయామం చేయించే అమ్మాయి వారానికి రెండుసార్లు వస్తోంది, పట్టు మళ్ళీ వస్తుందో రాదో, వస్తే ఎన్నాళ్ళకో చెప్పలేమంటోంది. జడ నర్సమ్మే వేస్తోంది.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే నువ్వు రాలేవు కదే,” అంది అక్క. నిష్ఠూరంగా కాదు, బళ్ళో ఎక్కం అప్పజెప్పినంత మామూలుగా అంది. “రాలేక అక్కడ కుమిలిపోతావు. రాలేనిదానికి చెప్పి ఏడిపించడం ఎందుకని.”

ఇరవై ఆరేళ్ళలో అత్తవారింట్లో ఎన్నో మాటలు పడింది. అవేవీ ఇంత లోతుగా దిగలేదు. చేతకానిదానివని ఎవరో అంటే ఎదురు చెప్పుకోవచ్చు. ప్రేమతో అర్థం చేసుకుని క్షమించేసిన మనిషికి ఏం చెబుతాం? ట్యాంకు గోడకి ఆనుకుని ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. అక్క ఫోను పెట్టెయ్యలేదు. “ఏడువు, ఏడువు. బిల్లు నీదేలే,” అంది.

సెలవు చీటీ తీసుకుని మేనేజరు ముందుకెళ్ళింది. కుటుంబంలో జబ్బుకిచ్చే సెలవు ఎవరెవరికి వర్తిస్తుందో ఆ కాగితం వెనకే అచ్చేసి ఉంది. భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, అత్తమామలు. అక్క లేదు. “రూలు మరి, నేనేం చెయ్యను. అయినా మీవారికి తెలుసా? ఓసారి ఆయనతో మాట్లాడించండి,” అన్నాడు మేనేజరు. ఆమె ఆ చీటీ మడిచి, సొంత సెలవుల చీటీ రాసింది. తేదీ దగ్గర ‘నుంచి’ అన్న చోట రేపటిది వేసింది. ‘వరకు’ అన్న చోట ఖాళీగా వదిలేసింది. “ఇది నింపలేదు,” అన్నాడాయన. “తెలిశాక నింపుతాను సార్. ఈలోగా మీ మనవరాలి టోపీ కూడా ఆగుతుంది,” అని బయటికొచ్చింది.

ఇంట్లో మొగుడు ఫోను చూసుకుంటూ విన్నాడు. “చెయ్యి సరిగా లేకపోతే నువ్వెళ్ళి ఏం చేస్తావు? డాక్టరువా?”

“జడ వేస్తాను.”

“అమ్మకి మందులెవరిస్తారు?”

“మీ అమ్మగారికి మీరివ్వండి. పొద్దునవి తెల్ల డబ్బాలో, రాత్రివి నీలం డబ్బాలో ఉంటాయి. చిటికెలో పని.”

ఆయన తలెత్తి ఆమెని చూశాడు, కొత్త మనిషిని చూసినట్టు. “చెల్లాయి సెట్టు సంగతి?” అన్నాడు.

అత్తగారు మంచం మీద కూర్చుని అంతా విన్నారు. ఇప్పుడేదో ఒక మాట విసురుతారని కోడలు ఎదురుచూసింది. ఆవిడ గోడవైపు చూస్తూ, “మా అక్క పోయిన కబురు నాకు పదిరోజులకి తెలిసింది. అప్పుడు మీ మామగారికి జ్వరం,” అన్నారు. మళ్ళీ ఆవిడే, “మంచినీళ్ళు ఇవాళ కూడా గోరువెచ్చగా లేవు,” అని ఎప్పటిలా సణిగారు. కోడలు నీళ్ళు వెచ్చబెట్టి తెచ్చిచ్చింది. ఆ రెండు మాటల మధ్య ఎంత జీవితం గడిచిపోయిందో ఆమెకి తెలుసు.

పొద్దున్నే సంచి సర్దుకుంది. అటక మీద నుంచి దింపినప్పుడు దాని జిప్పు బిగుసుకుపోయి ఉంది, కాస్త కొవ్వొత్తి రుద్దితే కదిలింది. రెండు చీరలు, మందపాటి దుప్పటి, అడుగున ఆరు గజాల మఫ్లరు. నర్సమ్మ జానెడుని విప్పలేదు. ఒకరి అల్లిక ఇంకొకరు విప్పకూడదు, అందులోనూ అక్కకి జడ వేసిన చేతులవి. ఆడపడుచు సెట్టులో ఒక మేజోడు పూర్తయింది. దాన్నీ, మిగిలిన ఊలు బంతినీ, జత సూదుల్నీ కవర్లో పెట్టి హాల్లో బల్ల మీద ఉంచింది. ఆడపడుచుకి ఫోన్లో కబురు పంపింది. “ఒకటి అయింది. రెండోదానికి సూదులు పంపుతున్నాను, నేర్చుకో. మొదట్లో తప్పులు పోతాయి, పర్వాలేదు.”

ఇంటి ముందు ఆటో ఆగింది. మొగుడు గుమ్మం దాకా వచ్చాడు. కోపంగా ఉండాలో, సంచి అందుకోవాలో తేల్చుకోలేక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మనిషి చెడ్డవాడు కాడు. ఈ ఆరేళ్ళలో ఎన్నడూ ఆ మఫ్లరు ఏమిటని అడగలేదు, అంతే.

“ఎప్పుడొస్తావు?” అన్నాడు.

“అక్క ఓ జానెడు అల్లాక.”

ఆయన తన కుడిచెయ్యి చాచి, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా ఓసారి చూసుకున్నాడు. ముఖం తేలికపడింది.

“జానెడే కదా,” అన్నాడు.

“అవును, జానెడే,” అంటూ ఆమె ఆటో ఎక్కింది.