రెండు చుట్టల దూరం

అక్కుపల్లిలో రత్నాలమ్మ మాటంటే మాటే. ఇంటి ఆడపిల్లను రెండు చుట్టల దూరం దాటి ఇవ్వదు. నిప్పు నోట్లో ఉండేలా చుట్ట తిప్పిపెట్టి అడ్డపొగ పీల్చే ఆవిడకు మైళ్ళతో పని లేదు. చుట్ట ముట్టించి బయల్దేరితే అది ఆరేలోపు, అంటే అరగంటలో, వచ్చిన ఊరు ఒక చుట్ట దూరం. పలాస బస్సెక్కితే రెండు. టెక్కలి నుంచి వచ్చిన మంచి సంబంధం ఒకటి, దారిలో మూడో చుట్ట ముట్టించాల్సి రావడంతో తప్పిపోయింది.

అలాంటి ఇంట్లో మనవరాలు తనూజ నాగరాజును ఇష్టపడింది. అతను ఢాకాలో ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. పెళ్ళిచూపుల్లో ఒక్కసారి నవ్విపోయాడు, ఆ పిల్లకు అప్పట్నుంచి అన్నం సహించడం లేదు.

మేనమామ పోలారావు జాలిపడి, నాగరాజు పాత విమానం టిక్కెట్టు తెచ్చి తల్లి ముందు పరిచాడు.

“సూడమ్మా. కలకత్తాలో పదికి ఎక్కితే ఢాకాలో పదకొండూ ఇరవైకి దిగుతారు. తిరిగొచ్చినప్పుడు పన్నెండుకి ఎక్కితే పన్నెండూ ఇరవైకే కలకత్తా! పిల్ల పుట్టింటికి రావాలంటే ఒక్క సుట్టయినా కాలదు.”

“ఎల్లడానికి గంటా ఇరవై, రావడానికి ఇరవయ్యా? దారి ఒకటే కాదేట్రా?” అంది రత్నాలమ్మ.

“గాలివాటమమ్మా.”

“గాలివాటం నాకు సెప్తన్నావా? మీ నాన్న నలబయ్యేళ్ళు తెరసాప కట్టాడు. ఏ గాలికీ పడవ నాలుగింతలు పరుగెత్తడం నాను సూడనేదు.”

పోలారావు టిక్కెట్టు మడతపెట్టేశాడు. తనూజ లెక్క వేసుకుంది. గంటా ఇరవై అంటే మూడు చుట్టలు, తన పెళ్ళి ఇక్కడితో సరి. ఇక దాచి లాభం లేదనుకుంది.

“అమ్మమ్మా, ఆ ఊరి గడియారం మనకన్నా అరగంట ముందుంటాది. ఎల్లినా వచ్చినా ఏబై నిమిషాలే.”

రత్నాలమ్మ వేళ్ళు మడిచింది. “సుట్ట అరగంట. అంటే రెండుకి లోపే. మరి కలకత్తా దాకా?”

“రాత్రి రైల్లో పడుకుంటే తెల్లారేసరికి కలకత్తా,” అన్నాడు పోలారావు.

“నిద్దట్లో సుట్ట కాల్సం గదా. అది నెక్కలోకి రాదు.”

తనూజ ఊపిరి పీల్చుకుంది. పోలారావుకు మాత్రం ఆనందం ఆగలేదు. “విమానంలోనూ సుట్ట కాల్సనివ్వరమ్మా! అసలు దూరమే నేదు!”

రత్నాలమ్మ నోట్లో చుట్ట తీసి పక్కన పెట్టింది. పెళ్ళిళ్ళలో కూడా అలా తీసి పెట్టిన మనిషి కాదు.

“అయితే నాను నీ కాపురం సూడనేనే పిల్లా,” అంది. కళ్ళు తుడుచుకుంది. “ఏబై నిమిషాలు పొగ నేకండా నాను బతకను. నువ్వే రావాల.”

తనూజ వెళ్ళి ఆవిడ మెడ చుట్టేసింది. పొగాకు ఘాటుకి దగ్గూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. “వత్తానమ్మమ్మా. ఏడాదికి రెండుసార్లు వత్తాను.”

“రాకపోతే,” అని రత్నాలమ్మ వేలు చూపించింది, “సుట్ట మానేసి మరీ వచ్చేత్తాను, నీ మొగుడికి సెప్పు.”

చుట్ట లేని రత్నాలమ్మ ఎలా ఉంటుందో తలుచుకుని పోలారావు, పిల్లను ఏడాదికి రెండుసార్లు పంపాలని నాగరాజుకు ఫోన్‌లో గట్టిగా చెప్పి, ఆ సాయంత్రమే ముహూర్తం పెట్టించడానికి పరుగెత్తాడు.