గోడకి ఒడి వచ్చింది

పొద్దున షట్టరు లేవగానే పరదా గుడ్డల దుకాణంలో అమ్మాయిలు ఎవరి అరల ముందు వాళ్ళు నిలబడతారు. రాత్రి షట్టరు దిగేదాకా ఆ నిలబడటమే ఉద్యోగం. అమ్మడం అదనం.

ఇదివరకు స్టూళ్ళుండేవి. లోపలంతా కొత్తగా మార్చిన డిజైనరు వాటిని తీయించేశాడు. "కూర్చున్న మనిషిని చూస్తే కొనేవాళ్ళకి ఆవలింతలొస్తాయి," అని సెలవిచ్చాడు, మెత్తటి కుర్చీలో వెనక్కి వాలి. గోడలకి తళతళలాడే తెల్ల రంగు, నెత్తిన కళ్ళు చెదిరే లైట్లు. అంత అందమైన గదిలో సాయంత్రమయ్యేసరికి అందరూ ఒకరి మీద ఒకరు కస్సుమనేవారు. కాళ్ళు మండుతుంటే మాట చల్లగా ఎలా వస్తుంది?

గోడకి ఆనుకోకూడదని బోర్డు కూడా పెట్టారు. రాసినవాడు దీర్ఘం మింగేశాడు. 'ఇచ్చట అనుకోరాదు' అని వేలాడుతోంది.

"అనుకోవడానికి కూడా వీల్లేదటే!" అంది అందరిలోకీ పాత ఉద్యోగి పెద్దక్క.

"ఏమైనా అనుకునేవాళ్ళమైతే ఇక్కడెందుకుంటాం అక్కా," అంది పిచ్చిక.

పిచ్చిక నిండు గర్భిణి. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. ఇలా నిలబడితే బిడ్డకి ప్రమాదమని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. ఇప్పుడు మానేస్తే ప్రసవం సెలవూ దక్కదు, ఆ తర్వాత ఉద్యోగమూ ఉండదు. స్టూలు అడిగితే షావుకారు, "కూర్చోబెట్టి జీతాలివ్వడానికి ఇదేమైనా సత్రమా?" అన్నాడు.

ఆ వారంలోనే పిచ్చిక వెనకాల గోడకి ఒడి వచ్చింది. మోకాళ్ళ ఎత్తున మెత్తగా ఉబ్బి, మధ్యలో కాస్త గుంట పడింది. చెమ్మ దిగినప్పుడు విసుక్కున్నట్టే విసుక్కుని, షావుకారు తాపీమేస్త్రీని పిలిచి చెక్కించాడు. మర్నాటికి మళ్ళీ వచ్చింది, ఇంకాస్త వెడల్పుగా.

"మనుషుల్ని మరీ నిలబెట్టిన చోట గోడలకిలా వస్తుంటుంది సార్," అన్నాడు మేస్త్రీ.

ఓ మధ్యాహ్నం అరలోంచి గుడ్డ తాను దించబోతుంటే పిచ్చికకి కళ్ళు తిరిగాయి. వెనక్కి ఒరిగింది. ఒడిలో పడింది.

షావుకారు చూడనే చూశాడు. "లే! లేచి ఇంటికి పో. రేపట్నుంచి రానక్కర్లేదు."

పిచ్చిక లేవబోయింది. గోడ ఆమె నడుము చుట్టూ చెయ్యి వేసింది.

"లేవనివ్వడం లేదు సార్."

"నాటకాలా?"

"మీరే చెప్పి చూడండి సార్," అంది పెద్దక్క. "మీ గోడే కదా, మీ మాట వింటుందేమో."

మేస్త్రీని మళ్ళీ పిలిచారు. అటూ ఇటూ చూసి ఉలి సంచిలో వేసుకున్నాడు. "కడుపుతో ఉన్న మనిషి పక్కన సుత్తి దెబ్బలేంటి సార్? ఆవిడ లేచాక చెక్కుతాను."

"లేవదుగా!"

"అయితే చెక్కను."

షట్టరు దించే వేళయింది. షావుకారు బతిమాలాడు, బెదిరించాడు, గోడని ఓ తన్ను తన్ని కాలు పట్టుకుని గెంతాడు. చివరికి, "సరే, రేపు రామ్మా తల్లీ!" అన్నాడు.

గోడ చెయ్యి తీసింది.

ఆ తర్వాత రోజూ పిచ్చిక కూర్చునే పరదాలు కొలిచింది. నొప్పులు మొదలైన రోజు గోడే ఆమెని పదిలంగా లేపి నిలబెట్టింది. సెలవు కాగితం మీద షావుకారు కిక్కురుమనకుండా సంతకం పెట్టాడు. అప్పటికే పెద్దక్క వెనక గోడ ఉబ్బడం మొదలైంది.