పోతుతీగ

ప్రవీణ చెయ్యి మంచిదని డ్రెస్డెన్‌లోని తెలుగువాళ్ళందరికీ చాటింపు వేసింది నేనే. ఎండుకట్టె నాటినా చిగురిస్తుందని చెప్పాను. పోయిన ఏడు బతుకమ్మ ఆడడానికి అద్దెకు తీసుకున్న హాల్లో, నేనిచ్చిన పోచంపల్లి చీర కట్టుకుని ఆమె నా పక్కనే ఉండగా మరీ గట్టిగా చెప్పాను. నేను ఐదు నెలలు ఇక్కడ లేకపోతే నా హాప్ తీగను కంటికి రెప్పలా కాపాడింది ఈ పిల్లేనన్నాను. ప్రవీణ తల దించుకుంది. సిగ్గనుకున్నాను.

నిజానికి ఆ తీగ నాది కాదు. మా కింది వాటాలో యాభై ఏళ్ళు కాపురమున్న ఫ్రౌ క్రౌజెది. పెళ్ళయిన ఏడాది ఆమె భర్త గెర్‌హార్డ్ పెరట్లో నాటాడట. హాప్ కాయలంటే బీరులో చేదు కోసం వేసేవి. పొరలు పొరలుగా, పచ్చగా, పూలకూ కాయలకూ మధ్యరకంగా ఉంటాయి. ఆమెకు బీరుతో పని లేదు. ఏటా సెప్టెంబర్‌లో వాటిని ఎండబెట్టి చిన్న దిండులో కుట్టుకునేది. భర్త పోయాక ఆ వాసన లేనిదే ఆమెకు నిద్ర పట్టేది కాదు.

ఎనభై నాలుగో ఏట, మార్చిలో, ఆమె వృద్ధాశ్రమానికి వెళ్ళిపోయింది. ఇంటి యజమాని పెరడంతా రాళ్ళు పరిపించి కార్లు పెట్టుకునే చోటు చేయిస్తున్నాడు. రాళ్ళు పరిచేలోపు ఆమె ఆ వేరులో మూరెడు ముక్క తవ్వించి నా చేతికిచ్చింది. "ఇక మిగిలింది నీ దగ్గరున్నదే ఊర్మిళా. ఏటా నాకు గుప్పెడు తెచ్చిపెట్టు, చాలు" అంది. చెయ్యి పట్టుకుని మాటిచ్చాను.

బాల్కనీలో పెద్ద కుండీ పెట్టాను. బోలెడు మొలకలొస్తే బలమైన మూడు ఉంచి మిగతావి గిల్లేయాలని ఆమే నేర్పింది. గిల్లినవి పారేయబుద్ధి కాక పప్పులో వేశాను, బాగానే ఉంది. తీగను తాడుకు చుట్టడంలో మాత్రం నవ్వులపాలయ్యాను. మనింట్లో చిక్కుడు పాకే తీరునే దీన్నీ చుట్టాను. తెల్లారేసరికి ఊడి కింద పడింది. మళ్ళీ చుట్టాను, మళ్ళీ ఊడింది. ఫోన్ చేస్తే ఫ్రౌ క్రౌజె పడీపడీ నవ్వి, అది సూర్యుడు తిరిగే వైపే తిరుగుతుంది, నువ్వు చెప్పినట్టు వినదు అంది. ఆ గరుకు తీగతో మోచేతుల దాకా గీతలు పడ్డాయి. ఆ సెప్టెంబర్‌లో సరిగ్గా ఒక్క గుప్పెడు కాయలు కోసి తీసుకెళ్ళాను. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు తియ్యలేదు.

నవంబర్‌లో అమ్మకు మోకాలి ఆపరేషన్‌ ఉందని నల్గొండ బయల్దేరాను. మా ఆయన విక్రాంత్‌కు మొక్కను అప్పజెప్పడం, పిల్లికి పాలు అప్పజెప్పడం ఒకటే కాకపోయినా ఫలితం ఒకటే. అందుకే కుండీని ప్రవీణ ఇంటికి చేర్చాను. జర్మనీకి వచ్చిన కొత్తలో, చిరునామా నమోదు చేయించుకునే అన్‌మెల్డుంగ్‌కు ఇద్దరం కలిసి వెళ్ళి ఒకే బెంచీ మీద కూర్చున్నాం. అప్పట్నుంచి నన్ను అక్కా అనే పిలుస్తుంది. ఆమెకు మూడుసార్లు చెప్పాను. బాల్కనీలోనే ఉంచు, గోనెపట్టా కప్పు, నీళ్ళు పోయకు, చలిలో నిద్రపోతేనే అది వసంతంలో లేస్తుందని. నీకెందుకక్కా, నువ్వు పో, అంది.

ఏప్రిల్‌లో వచ్చేసరికి కుండీలో నాలుగు మొలకలున్నాయి. "చంటిపిల్లను చూసుకున్నట్టు చూసుకున్న అక్కా" అంది ప్రవీణ. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. పోచంపల్లి చీర అప్పుడిచ్చిందే.

ఆ ఏడు తీగ పై వాళ్ళ బాల్కనీ దాకా పాకింది కానీ ఒక్క పువ్వు పుయ్యలేదు. ఇల్లు మారింది కదా, అలిగిందేమో అంది ప్రవీణ. నేనూ నమ్మాను. ఖాళీ చేతులతో ఆశ్రమానికి వెళ్తే, వచ్చే ఏడు తేలే, నేనెక్కడికీ పోవట్లేదు అంది ఫ్రౌ క్రౌజె. పాత దిండు వాసన పోయి, అప్పటికే ఆమెకు రాత్రులు సరిగా నిద్ర ఉండడం లేదు.

ఈ జూలైలో పూసింది. కాయలు కావు. సన్నని పూలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. వేలితో తడితే పసుప్పచ్చని దుమ్ము రాలింది. నేను తాటిచెట్ల మధ్య పెరిగినదాన్ని. పోతుతాటికి పూతే తప్ప ముంజలు కాయవని మా దగ్గర పసిపిల్లలకూ తెలుసు. ఒక్క కాయైనా ఉందేమోనని ప్రతి గుత్తీ వెతికాను.

విక్రాంత్ చూసి, కాయలే కదా, కొనుక్కొద్దాం అన్నాడు. ఆయనతో వాదించే ఓపిక లేక మొక్కలమ్మే పెద్దాయన దగ్గరికి ఫోటో పట్టుకెళ్ళాను. ఇది మగదే అన్నాడు. ఆడది మగదిగా మారుతుందా అని అడిగితే విచిత్రంగా చూశాడు. వేరు ముక్క నాటితే తల్లి ఏదైతే అదే వస్తుందట. మొదటి సెప్టెంబర్‌లో కాయలు నా చేతులతోనే కోశాను. అంటే ఈ తీగ ఆ తీగ కాదు. మధ్యలో అది వెళ్ళింది ఒక్క ఇంటికే.

ఆదివారం ప్రవీణ ఇంటికి వెళ్ళాను. ఫోటో చూపించి, ఏం చేశావని అడిగాను. ఆమె చేతిలోని టీ గిన్నె స్టవ్ మీద పెట్టేసింది.

"బయట మైనస్ పది అక్కా. పానమున్న మొక్కను అట్ల ఎట్ల ఇడిచిపెడ్త? లోపలికి తెచ్చి హైత్సుంగ్ పక్కన పెట్టిన. రోజూ నీళ్ళు పోసిన. జనవరిల వేరు మొత్తం కుళ్ళిపోయింది."

గది వెచ్చబెట్టే హైత్సుంగ్ పక్కన. దాన్ని ప్రేమతో ఉడకబెట్టింది. అదీ క్షమించగలను. నల్గొండ వెళ్ళేముందు, మొదటి చలికే నేనూ ఆ పనే చెయ్యబోతే ఫ్రౌ క్రౌజె తిట్టి ఆపింది. చలంటే మనవాళ్ళకు చావే కదా.

మరి ఈ తీగ ఎక్కడిదన్నాను. ఎల్బే నది ఒడ్డున పొదల్లో పెరిగే అడవి హాప్‌ను మార్చిలో మొగుడితో తవ్వించి తెచ్చి, అదే కుండీలో పెట్టిందట.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"అమ్మ ఆపరేషన్ టెన్షన్‌ల ఉంటివి. తర్వాత నువ్వు చీర తెస్తివి. తర్వాత అందరి ముందట పొగిడితివి. ఇగ చెప్పే టైం దాటిపోయింది అక్కా."

నేనే ఆమెకు అబద్ధం కుట్టి ఇచ్చినట్టు మాట్లాడింది. ఏడాదికి పైగా నేను పరాయి తీగకు నీళ్ళు పోస్తుంటే పక్కన నిలబడి చూసింది. ఎన్ని మూరలు పాకిందో ప్రతి వారం ఫోన్లో చెబితే ఊ కొట్టింది. మొక్క పోయినందుకు కాదు, ఆ ఊ కొట్టినందుకు నాకు కోపం. నిన్ను చెల్లెలనుకున్నానని అనేసి లేచాను.

గుమ్మం దాకా వచ్చి, "ముసలామె కదా, ఏం గుర్తుపడ్తది? బయో షాపుల ఎండిన హాప్ ప్యాకెట్ దొరుకుతది. దిండ్ల కుట్టేయ్" అంది. సిగ్గు లేదా అన్నాను. తిరిగి చూడకుండా మెట్లు దిగాను.

సెప్టెంబర్‌లో ఆ ప్యాకెట్టే కొని దిండులో కుట్టాను. ఖాళీ చేతులతో వెళ్ళలేక కొన్నానంతే. దిండు ఇచ్చి, నిజం చెప్పేయాలనే ఉద్దేశం. ట్రామ్‌లో కూర్చుని జర్మన్‌లో ఎలా చెప్పాలో రెండుసార్లు అనుకున్నాను కూడా. మీ తీగ చచ్చిపోయింది, ఇది కొన్నది, నన్ను క్షమించండి.

ఫ్రౌ క్రౌజె బాగా చిక్కిపోయింది. దిండు రెండు చేతులతో అందుకుని ముఖానికి ఆనించుకుని కళ్ళు మూసుకుంది.

"ఇదే. మా గెర్‌హార్డ్‌దే" అంది. తర్వాత నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. "పోయిన ఏడు పూయలేదంటే పోయిందనుకున్నాను. ఎలా బతికించావమ్మా?"

"చంటిపిల్లను చూసుకున్నట్టు చూసుకున్నాను" అన్నాను.

ఆ మాట ఎవరిదో నోరు దాటాక తెలిసింది. వచ్చే సెప్టెంబర్‌కూ తెస్తావు కదా అని అడిగింది. తెస్తానన్నాను. నేను లేచేసరికి దిండు మీద చెంప పెట్టుకుని నిద్రపోతోంది.

ట్రామ్ స్టాప్‌లో ఉండగా ప్రవీణ మెసేజ్ వచ్చింది. రెండు నెలల తర్వాత ఇదే మొదటిది. ఇచ్చినవా అక్కా, గుర్తుపట్టిందా అని ఉంది. ఆమెను అడగాల్సినవి, తిట్టాల్సినవి చాలా దాచుకున్నాను. ఒక్కొక్కటీ రాసి చెరిపేశాను.

గుర్తుపట్టలేదు అని మాత్రం పంపాను.