తోర్కెల్ ఓపిక

"పిండి పల్చబడింది సున్నీవా. మా అత్తగారు కలిపితే చెంచా నిలబడేది," అంది బోర్గిల్డ్, కుర్చీలోంచి లేవకుండానే.

కోడలు ఇంకో గరిటెడు పిండి పెనంలో పోసింది. పొద్దున్నుంచి అరవై వాఫుళ్లు కాల్చింది. ఆ వేసవి రీసోర్ రేవులోని పాత తెల్ల చెక్క ఇళ్లు చూడ్డానికి టికెట్లు పెట్టారు. మొదటి ఇల్లు వీళ్లదే. ముందుగదిలో ఆమె మొగుడు తోర్కెల్ వచ్చినవాళ్లకి వంశచరిత్ర చెబుతున్నాడు. ముత్తాత ఓడ కెప్టెనట, తుఫానులకి ఎదురు వెళ్లేవాడట. ఈయనగారికి మాత్రం పడవ తాడు కూడా సరిగ్గా ముడెయ్యడం రాదని రేవంతా ఎరుగును.

"గోడమీద ఈ నీలం పూల బొమ్మలు ఏడు పొరల రంగు కింద ఉండిపోయాయండీ," అంటున్నాడు.

"మరి చెడకుండా ఎలా బయటికి తీశారు?" అని ఎవరో ఆవిడ అడిగింది.

"ఓపిక ఉండాలి. అది మా రక్తంలోనే ఉంది."

ఓపికట. మూడు వేసవులు ఆ గోడ ముందు మోకాళ్లమీద కూర్చున్నది సున్నీవా. వేడిగాలి పట్టించి, రంగు మెత్తబడ్డాక సన్నకత్తితో గోరంత గోరంత గీకింది. సాయంత్రం తోర్కెల్ బూట్లతోనే గదిలోకొచ్చి, "ఇంకా ఇక్కడే ఉన్నావా?" అని, పట్టుకొచ్చిన చేపలు ఆమె శుభ్రం చెయ్యడానికి తొట్టిలో పడేసేవాడు. "బడికి సెలవులేగా, ఏదో కాలక్షేపం," అనేది అత్తగారు. ఏడాదంతా ఓస్లోలో రసాయనశాస్త్రం చెప్పే మనిషికి దొరికిన సెలవు అది.

ఇందాక ప్రశ్న అడిగినావిడే ఖాళీ కప్పు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "మిమ్మల్ని ఈ ఒక్కరోజుకే పనికి పిలిచారా?"

బోర్గిల్డ్ నవ్వింది. "పనిమనిషి కాదులెండి, మా కోడలు."

పనిమనిషైతే సాయంత్రానికి తన ఇంటికి తను పోయేది. సున్నీవా వాఫుల్ పెనం స్విచ్చి కట్టేసి, ముందుగదిలోకి నడిచింది.

"అదిగో, వాఫుళ్లు వచ్చేశాయి," అన్నాడు తోర్కెల్. ఆమె చేతుల్లో ఏమీ లేదు.

"ఆవిడ అడిగినదానికి నేను చెబుతాను," అంది సున్నీవా. ఎంత వేడి పెట్టాలో, ఏ పొర దగ్గర చెయ్యి ఆపాలో వివరంగా చెప్పింది. "తోర్కెల్‌కి ఇవి తెలియవు. అప్పుడు చేపలు పడుతున్నాడు."

"మా ఆవిడకి హాస్యం ఎక్కువ," అన్నాడతను. ఎవరూ నవ్వలేదు. గొంతు సవరించుకుని, "వచ్చే వేసవికి వెనకగది గోడమీది రంగు కూడా తీసి చూపిస్తాం. ఏం సున్నీవా?" అన్నాడు.

ఆమె ముడుచుకున్న అతని మొహంలోకి చూసింది. ఇరవైరెండేళ్లు ఈ మనిషి అలకకా తను భయపడ్డది?

"తియ్యి. నేనూ వస్తాను చూడ్డానికి. వీళ్లలాగే, టికెట్టు కొనుక్కుని."